గద్ద వదిలిన ప్రాణం

నాలుగేళ్ల కిందట దుబాయ్ దగ్గరి అల్ ఐన్‌లో ఒక తోటలో పనిచేసేవాణ్ని. మాది జగిత్యాల వైపు పల్లె. తోటలో బొరియలు చేసుకున్న ఎడారి ఎలుకలు డ్రిప్పు పైపులు కొరికేసేవి. అతుకులు వేయలేక నా నడుము విరిగేది. విసిగిపోయిన మా కఫీల్, అంటే తోట యజమాని, ఒక సాయంత్రం దుర్బిణీ బిగించిన తుపాకీ తెచ్చాడు.

ఇద్దరం గడ్డి మడి గట్టున బోర్లా పడుకున్నాం. ఆయన సైగ చేయగానే నేను ఈల వేశాను. ఒక ఎలుక బయటికొచ్చి, ఎవరు పిలిచారన్నట్టు వెనకకాళ్ల మీద నిలబడింది. ఆయన వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది. అంతలో ఆకాశం నుంచి ఒక గద్ద రాయిలా దిగి దాన్ని తన్నుకుపోయింది.

ఊళ్లో కోడిపిల్లలను కాపాడిన అలవాటు ఊరుకుంటుందా? దిగ్గున లేచి చప్పట్లు కొడుతూ "హోయ్! ఇడిశిపెట్టు!" అని అరిచేశాను. గద్ద బెదిరి వదిలేసింది. ఎలుక గడ్డిలో దబ్బున పడి, లేచి, బొరియలో దూరింది.

మేం వచ్చింది దాన్ని చంపడానికేనని అప్పుడు గుర్తొచ్చింది! ఇక నా ఉద్యోగం పోయిందనుకున్నాను. కఫీల్ మాత్రం ఆకాశం వైపే చూస్తూ తుపాకీలోంచి తూటా తీసేశాడు.

"బాజ్ ఛోడ్ దియా. హమ్ కౌన్? ఖలాస్" అన్నాడు. గద్దే వదిలేశాక మనమెవరం, ఇక చాలు అని.

దుర్బిణీలోంచి నన్నూ చూడమన్నాడు. బొరియ అంచున ఆ ఎలుక, ముందుకాళ్లు గుండెకు చేర్చుకుని, ఆకాశంకేసి చూస్తోంది. దాని మీసాలు వణుకుతున్నాయి.

మర్నాడు ఆ బొరియ పక్కనే పైపు మళ్లీ తెగి నీళ్లు చిమ్ముతుంటే, బతికే ఉందని సంబరపడ్డాను.