గుడ్డ చిలకల తోరణం

నా చిన్నప్పుడు ఉగాది అంటే మిరపకోతల మధ్యలో వచ్చే పండగ. నరసరావుపేటకు దగ్గరి పల్లె మాది. ఆ రోజుల్లో ఇంట్లో వాళ్ళందరూ పొలంలోనో కల్లంలోనో ఉండేవాళ్ళు కాబట్టి పండగ పనులన్నీ మా నాయనమ్మ మీదే పడేవి. తెల్లవారకముందే తోటకు వెళ్ళి, మామిడాకులు కోసుకొచ్చి, గుమ్మానికి తనే కట్టేది. ఇంకొకరిని చెయ్యి పెట్టనిచ్చేది కాదు.

ఆ ఏడు శివరాత్రి వెళ్ళాక ఆమె బావి దగ్గర జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ముందుగదిలో, వాకిలికి ఎదురుగా మంచం వేసి పడుకోబెట్టారు. నొప్పి కంటే లేవలేకపోవడమే ఆమెను ఎక్కువ కుంగదీసింది. పొద్దస్తమానం ఎవరినో ఒకరిని ఏదో ఒకటి అంటూ ఉండే మనిషి మాట మానేసింది. మొహం గోడవైపు తిప్పుకుని పడుకునేది. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది. ఇలాగే ఉంటే మనిషి దక్కదని అమ్మ నాన్నతో అంటుంటే విన్నాను. నాకు చాలా భయం వేసింది.

పండగకు గుమ్మం కళగా కనిపిస్తే ఆమె మళ్ళీ మాట్లాడుతుందేమో అనిపించింది. తోటకు ఒక్కదాన్నే వెళ్ళనివ్వరు కాబట్టి గుడ్డతో చిలకల తోరణం కుట్టడం మొదలుపెట్టాను. వీధి చివర టైలరు తాత జాకెట్ల లైనింగు ముక్కల్లోంచి ఆకుపచ్చవి ఏరి ఇచ్చాడు. సంతలో పాతబట్టలు అమ్మే ఆమె చిరిగిన చీర అంచు ఒకటి ఊరికే ఇచ్చింది. పాత దిండు విప్పితే దూది దొరికింది. ఇవన్నీ కుట్టడానికి ఒక పట్టీ కావాలి కదా, మిరపకాయల గోనెసంచి ఒకటి కత్తిరించాను. ఎంత ఉతికినా దాని ఘాటు పోలేదు. కుట్టినంతసేపూ తుమ్ములే. చిలకలకు రెండువైపులా వేయడానికి రంగుగుడ్డ చాలలేదు. అందుకని ముందువైపు మాత్రమే వేసి గోనెకు కుట్టేశాను.

పండగకు ముందురోజు మధ్యాహ్నం అమ్మ, నేను కలిసి దాన్ని గుమ్మానికి కట్టాం. వీధిన పోయేవాళ్ళు ఆగి చూసి మెచ్చుకున్నారు. లోపలికి పరుగెత్తి నాయనమ్మకు చూపించాను. ఆమె ఒకసారి అటు చూసి మళ్ళీ మొహం గోడవైపు తిప్పేసుకుంది. నేను పెరట్లోకి వెళ్ళి కూర్చుని ఏడ్చాను.

సాయంత్రం బస్సుకు రొంపిచెర్ల నుంచి మా మేనత్త వచ్చింది. నాయనమ్మకు కూతురే అయినా ఇద్దరికీ పొద్దున లేస్తే కీచులాటే. ఆమె వీధిలో నిలబడే తోరణం చూసి, "చానా బాగుందే, నువ్వేనా కుట్టింది?" అని అడిగింది. నాయనమ్మ మొహం తిప్పేసుకుందని చెప్పేసరికి నాకు మళ్ళీ ఏడుపొచ్చింది. అత్త లోపలికి వచ్చి, వాళ్ళమ్మ దిండు దగ్గర తల వంచి వాకిలివైపు చూసింది. తర్వాత నన్ను పిలిచింది.

"ఏమే, ఇట్టా వచ్చి నాయనమ్మ పక్కన పడుకో."

పడుకున్నాను. వాకిట్లోని వెలుతురుకు ఎదురుగా నల్లటి గోనెపట్టీ ఒకటి వేలాడుతోంది. దాని మీద మిరపకాయల కొట్టు అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి. ముడులు, తెగిన దారప్పోగులు కనిపించాయి గానీ చిలక అన్నది ఒక్కటీ లేదు.

"నీ చిలకలు ఏవే?" అంది అత్త.

"వీధిలోకి చూస్తున్నాయి," అన్నాను.

అత్త ముక్కాలిపీట తెచ్చి గుమ్మం దగ్గర వేసింది. విప్పి, తిప్పి కట్టమంది. అమ్మకు అది నచ్చలేదు. "పండగపూట గుమ్మానికి గోనెపట్ట ఏలాడితే వీధిలో వాళ్ళు ఏమనుకుంటారు వదినా?" అంది. "అనుకోనీ. మంచంలో ఉంది వాళ్ళు కాదుగా," అంది అత్త. నిజానికి నాకూ చేతులు రాలేదు. తెల్లారితే బడిపిల్లలందరూ నా చిలకలను చూస్తారని ఎంతో ఆశపడ్డాను. అయినా పీట ఎక్కి విప్పాను. అత్త ఒక కొస పట్టుకుంటే చిలకలు ఇంట్లోకి చూసేటట్టు కట్టాను.

నాయనమ్మ మెల్లగా తల ఇటు తిప్పింది. ఒక్కొక్క చిలకనూ ఈ కొస నుంచి ఆ కొసదాకా చూసింది.

"ఆ చివరిదాని ముక్కు అట్టా ఏలాడతందేందే? ఎవురు నేర్పారు నీకు కుట్టు? సూది ఇటు తే."

అమ్మ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేను ఆ చిలకను ఊడదీసి, సూదీ దారం ఇచ్చాను. నాయనమ్మ తల కింద అత్త ఇంకో దిండు పెట్టింది. నాయనమ్మ నన్ను తిడుతూనే చిలక ముక్కు సరిచేసింది. సూది నా చేతికిచ్చి, ఇంట్లో తినడానికి ఏముందని అడిగింది.

మర్నాడు వీధిలో కొందరు నవ్వారు. నాకు కాస్త చిన్నతనంగానే ఉంది. కానీ నేను లోపలికి వచ్చినప్పుడల్లా నాయనమ్మ ఏదో ఒక చిలకకు వంక పెడుతూనే ఉంది. ఆ మాటలు వినడం కోసం నేను పని లేకపోయినా లోపలికీ బయటికీ తిరిగాను.

ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. గుమ్మానికి నేను ఏం కట్టినా మంచివైపు లోపలికే ఉంటుంది. వచ్చినవాళ్ళు గడప దగ్గర ఆగి, తోరణం తిరగేసి కట్టానని చెబుతారు. లోపలికి వచ్చి కూర్చోమంటాను.