వెనుక సీటుకు సరిపడే టైరు

2009 జూలై 18, శనివారం. మధ్యాహ్నం పన్నెండు గంటల పది నిమిషాలు. సన్నని జల్లు పడుతోంది; గాలి లేదు. అరిగిన వెనుక టైర్లు రెండూ మార్పించడానికి అనకాపల్లి బైపాసు పక్కనున్న టైర్ల కొట్టు ముందు కారు ఆపాను.

అది 1994 నాటి చిన్న కారు. 2002లో సెకండ్ హ్యాండులో కొన్నాను. బెల్లం మార్కెట్టులో కాటా గుమస్తాగా రిటైరైన నేనూ, నాతో పనిచేసిన మరి ముగ్గురూ ప్రతి నెలా మొదటి శనివారం అందులో పూడిమడక వెళ్లి, పడవల దగ్గరే చేపలు కొనుక్కుని వచ్చేవాళ్లం. ముగ్గురిలో ఒకరు 2007లో పోయారు. మరుసటి ఏడు ఇంకొకరు కాకినాడలో కూతురి దగ్గరకు వెళ్లిపోయారు. మూడో ఆయన ఊళ్లోనే ఉన్నా, మోకాళ్లు వంగక ఇల్లు కదలడం మానేశారు. నేను మాత్రం వెళుతూనే ఉన్నాను.

కారుతో వచ్చిన పుస్తకం ప్రకారం టైరు సైజు 145/70 R12. వెడల్పు నూట నలభై అయిదు మిల్లీమీటర్లు. అందులో నూటికి డెబ్బై వంతు టైరు గోడ ఎత్తు. రిమ్ము పన్నెండు అంగుళాలు. కొట్టులో ఉన్నది మాత్రం ఎనభై వంతుది.

"డెబ్బయ్యి లేదు మామా. వైజాగు నుంచి రావాల, మంగళారం అవుద్ది. యీ వ్యాను టైరు ఎట్టీమంటారా? అదే రిమ్ము. గోతుల్లో కిందన తగల్దు," అన్నాడు కొట్టు యజమాని.

"గోడ పద్నాలుగున్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది. రేపు ముందు చక్రాలకూ ఇవే వేస్తే, మీటరు నూరు చూపించేసరికి కారు నూట అయిదు దాటి నడిచి ఉంటుంది," అన్నాను.

"మీటరెవలు సూత్తారు మామా, మీరు తప్ప!"

వెనుక రెండు చక్రాలకూ ఆ టైర్లే బిగించాడు. మనుషులను ఎక్కించి చూడనిదే కొత్త సైజు ఇవ్వకపోవడం ఆ కొట్టు పద్ధతి. అచ్యుతాపురం కంపెనీ బస్సు కోసం రేకుల కింద నిలబడ్డ ముగ్గురు కార్మికులను పిలిచాడు.

"రండి బావా, బస్సొచ్చీలోగా ఓ రౌండు. మామ టిక్కెట్టు అడగరులే."

ఒకడు ముందు, ఇద్దరు వెనుక కూర్చున్నారు. కారంతా తడిసిన బట్టల వాసన, క్యారేజీల్లోని కూరల వాసన.

"సీటు కొత్తగుందేటి తాతా? ఎవలూ కూకోరా?" అన్నాడు వెనుకనున్నవాడు.

"కూర్చుంటారు," అన్నాను.

గతుకు ఎక్కగానే టైరు మడ్‌గార్డుకు రాసుకుని బర్రుమంది.

"మన బరువు కాదురా, నీ క్యారేజీ బరువు!" అన్నాడు ముందున్నవాడు. ముగ్గురూ నవ్వారు. నేనూ నవ్వాను. కొట్టు దగ్గరకు తిరిగి వచ్చేసరికి బస్సు కనిపించింది. తలుపులు వేయకుండానే పరుగెత్తారు.

దిగి తలుపులు వేసి, అదే గతుకు మీదకు ఒంటరిగా పోనిచ్చాను. చప్పుడు రాలేదు; తిరిగి వచ్చి ఆ మాటే చెప్పాను.

"సూసేరా? మీరొక్కరే అయితే తగల్నేదు. తిరిగేది మీరొక్కరే కదా మామా, ఇంకేటి ఆలోచన?" అన్నాడు కొట్టు యజమాని.

లెక్క అతని పక్షానే ఉంది. జన్మంతా కాటా ముల్లు చెప్పినదాన్నే నమ్మాను. కానీ ఆ టైరు వేయించుకోవడమంటే, ఆ కారులో ఇక ఎవరూ ఎక్కరని నా నోటితో ఒప్పుకోవడమే.

"డెబ్బయ్యే తెప్పించు," అన్నాను.

"ఎవలి కోసం మామా?"

"రిజిస్ట్రేషను పుస్తకంలో సీట్లు నాలుగని ఉంది."

అతడు వ్యాను టైర్లు విప్పి పాతవే బిగించాడు. మంగళవారం డెబ్బై వంతు టైర్లు వచ్చాయి, బిగించాడు.

ఆగస్టు నుంచి డిసెంబరు వరకు ప్రతి మొదటి శనివారం, మోకాళ్ల నొప్పులున్న మిత్రుని ఇంటి ముందు కారు ఆపాను. ఆయన కిటికీలోంచే, "వచ్చే నెల సూద్దాం బావా," అనేవారు.

పూడిమడకకు వెళ్లినది అయిదు సార్లు. నేను కాక కారెక్కినవారు ఎవరూ లేరు.