పడిపోతే మానేస్తానన్నవాడు

మా లాండ్రీలో నా పక్క బల్ల దగ్గర ఇస్త్రీ చేసే ఆమె మొగుణ్ణి అందరూ చేప అంటారు. బాక్సింగ్ ఆడతాడు. ఆ పేరు ఊరికే రాలేదు. ఎదుటివాడి గుద్దు బయలుదేరక ముందే ఈయన తల పక్క వీధిలో ఉండేది. చేతులు తొడల దగ్గర వేలాడేసుకుని, షికారుకెళ్ళినవాడిలా రింగంతా తిరిగేవాడు. పదిహేడేళ్ళలో ఆ ముక్కు మీద ఈగ వాలిందేమో గానీ పిడికిలి వాలలేదు. జనానికి మాత్రం ఒళ్ళు మండేది. "పారిపోవడానికి టిక్కెట్టెందుకురా!" అని ఈలలేసేవాళ్ళు.

ఆమె అన్నయ్య రోకలి. ఆయనా బాక్సరే, కానీ తప్పించుకోవడమంటే ఆయనకి నామోషీ. నాలుగు తిని ఒకటి ఇచ్చే రకం. ఆ ఒక్కటి పుచ్చుకున్నవాడు మర్నాడు టిఫిను వేళకి గానీ లేచేవాడు కాదు. నలభై నాలుగొచ్చినా ఆ గుద్దు గుద్దులాగే ఉంది. కిందటేడు కూడా ఒకణ్ణి పడుకోబెట్టాడు. పోయింది వేరేది. టీ గ్లాసు పట్టుకుంటే సగం ఆయన తాగుతాడు, సగం చొక్కా తాగుతుంది. చెల్లెలింటి గుమ్మంలో నిలబడి "నువ్వు పిలిచావా, నేనే వచ్చానా?" అని అడుగుతాడు. ఆ కబుర్లు విని లాండ్రీలో మేం పగలబడి నవ్వేవాళ్ళం. ఆమె మాత్రం నవ్వేది కాదు.

చేపకి ముప్పై తొమ్మిది నిండాయి. వాళ్ళ జిమ్ములో ఈ గోడ నుంచి ఆ గోడకి తాడు కట్టి, దానికి సుద్దపొడి పట్టిస్తారు. తాడు కింద నుంచి అటూ ఇటూ దూరుతూ ముందుకి సాగాలి. రవ్వంత ఆలస్యమైతే నెత్తికి తెల్లగా అంటుకుంటుంది. ఒకరోజు మొగుడి చెవి పైన తెల్లటి చార కనిపించి "ఇదేంటి?" అందామె.

"వయసు రాలేదూ, నెరిసింది" అన్నాడు.

సుద్ద అని ఒప్పుకోవడం కంటే ముసలాడనిపించుకోవడమే నయమనుకున్నాడు మహానుభావుడు. పిచ్చిది నిజమే అనుకుని రంగు డబ్బా కొనుక్కొచ్చింది. కుర్చీలో కూర్చోబెట్టి జుట్టు తడిపిందో లేదో, ఆ తెలుపంతా మెడ మీదుగా పాలలా కారిపోయింది.

"నీళ్ళు పోస్తే వయసు తగ్గే మొగుడు నాకే దొరికాడు" అంది.

చేప గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. "ఇదివరకు గుద్దు నాకు కనపడేదే కాదే. ఒళ్ళే తప్పుకునేది. ఇప్పుడు అంతా కనిపిస్తోంది. బయల్దేరడం, రావడం, అన్నీ. కాళ్ళకి కబురు పంపి, అవి కదిలేలోగా అది వచ్చి కూర్చుంటోంది."

"అయితే మానెయ్యి."

"ఒప్పుకున్న పోటీ ఒకటుంది. అందులో కింద పడ్డానంటే, నీ మీద ఒట్టు, మానేస్తా."

మర్నాడు ఆమె ఇస్త్రీ పెట్టె పక్కనపెట్టి మరీ నాకీ మాట చెప్పింది. "ఒక్కసారి పడితే చాలక్కా. పెద్ద దెబ్బ వద్దు. కాలు జారినట్టు అలా కూలబడితే చాలు." కాలుతున్న పెట్టె పక్కన నిలబడి మొగుడు పడాలని మొక్కుకునే ఆడదాన్ని చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

ఇంతలో రోకలి, ఎవరూ అడగకుండానే, బావకి పాఠం మొదలెట్టాడు. "గెంతకు బావా. నీ కాళ్ళ పని అయిపోయింది. గడ్డం గుండెకి ఆనించు. మోచేతులు డొక్కలకి. మడమల మీద బరువేసి పాతిన స్తంభంలా నిలబడు. వచ్చింది తిను."

"తినడం నాకు రాదు బావా."

"చేదు మందు లాంటిదే. మొదటిసారే మింగుడుపడదు."

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా, అది మాత్రం నేర్పకు!" అని వంటింట్లోంచి అరిచింది చెల్లెలు.

"నేర్పకపోతే మొదటి రౌండులోనే చస్తాడే!"



ఆదివారం మధ్యాహ్నం, ఓ పాత గోదాములో పోటీ. నేను ఆమె పక్కనే కూర్చున్నా. ఎదుటివాడికి ఇరవై రెండేళ్ళు, కందిరీగలా ఉన్నాడు. చేప తన పాత పద్ధతిలో తల పక్కకి తిప్పాడు. తిప్పినచోటే పిడికిలి ఎదురుచూస్తోంది. పదిహేడేళ్ళు కాపాడుకున్న ముక్కు టమాటాలా పగిలింది. రెండో రౌండు నుంచి రోకలి చెప్పినట్టు నిలబడిపోయాడు. నేను గుద్దులు లెక్కపెట్టడం మొదలెట్టా. చేతివేళ్ళు, కాలివేళ్ళు అయిపోయాయి, పక్కవాళ్ళ వేళ్ళూ అయిపోయాయి.

"పడు. పడవయ్యా. కూర్చో" అని గొణుగుతూనే ఉందామె.

వెనక కుర్చీలో పెద్దమనిషికి కోపమొచ్చింది. "ఏమ్మా, అసలు ఎవరి తరఫు నువ్వు?"

"మా ఆయన తరఫేనండీ" అంది.

చివరి రౌండులో చేప మోకాలు వంగింది. గ్లౌజు నేలకి జానెడు దూరం. ఆమె కుర్చీలోంచి సగం లేచింది. సరిగ్గా అప్పుడే రింగు మూల దగ్గర నిలబడ్డ రోకలి గొంతు: "మడమలు బావా! మడమలు!" చేప మళ్ళీ నిటారుగా లేచాడు. అరిచాక రోకలి తన నోరు తానే మూసుకున్నాడు గానీ, అప్పటికే మాట వెళ్ళిపోయింది.

ఓడిపోయాడు. అయినా గోదామంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. పదిహేడేళ్ళలో ఆయన కోసం లేచినవాడు ఒక్కడూ లేడు. చిట్లిన పెదాలతో నవ్వుకుంటూ పెళ్ళాం దగ్గరికొచ్చాడు. "చూశావా? పడలేదు! ఇన్నాళ్ళూ అనవసరంగా తప్పించుకున్నానే. తినడం నాకూ వచ్చు!"

"ఒట్టు వేశావు" అందామె.

"పడితే కదా!"

ఆమె అన్నయ్య వైపు తిరిగింది. "నువ్వయినా చెప్పు."

"మానెయ్ బావా" అన్నాడు రోకలి, నేల చూస్తూ.

"నువ్వు మానేశావా?"

రోకలి తడి తువ్వాలు పిండడం మొదలెట్టాడు.

"పోనీ అన్నయ్యా, పడటమైనా నేర్పు ఆయనకి."

"అది నాకూ రాదమ్మా."

ఆమె వంగి మొగుడి గ్లౌజుల ముడులు విప్పడం మొదలెట్టింది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది ఆయనకి. రెండో కంటితో నిర్వాహకుణ్ణి వెతికి పట్టుకుని, వచ్చే నెల పోటీ ఏ తారీఖున అని అడుగుతున్నాడు.