ఏసీ హాల్లో ఎండురొయ్యలు

మహిళా స్టార్టప్‌ల కోసమంటూ ఈ రోజు రాజమండ్రిలో ఒక కేంద్రం తెరిచారు. ఎండుచేపలు, రొయ్యలు ప్యాక్ చేసి ఆన్‌లైన్లో అమ్మే నా స్నేహితురాలు సత్యవతినీ పిలిచారు. భవనం యజమాని మైకు పట్టుకుని, "ఈవిడ మా ప్రోత్సాహంతోనే ఎదిగారండి" అన్నాడు. ఒకప్పుడు ఇదే హాలు ఆమె అద్దెకడిగితే, "చేపలోళ్ళ కంపు మాకొద్దమ్మా" అని పంపేసిన మనిషి! నాకు ఒళ్ళు మండి, మైకు లాక్కుని సత్యవతి చేతికిచ్చాను.

"శుభకార్యానికి ఒట్టి చేతుల్తో రాకూడదు కదండీ," అంటూ ఆమె ఎండురొయ్యల ప్యాకెట్ తీసి ఆయన ముక్కు దగ్గరే చించింది. "మీ ప్రోత్సాహమేనండీ, వాసన చూడండి."

ఫొటోలు తీస్తున్నారు కాబట్టి ఆయన ముక్కు మూసుకోలేకపోయాడు. ఎవరో తలుపు తీయబోతే నేనే వెళ్ళి అడ్డంగా నిలబడ్డాను.

తప్పంటారా?