బ్యానర్‌కు రెండో కర్ర

మొన్న శనివారం మా అమ్మాయి ఏదో ఊరేగింపుకని హాల్లో దుప్పటంత గుడ్డ పరిచి, అక్షరాలు దిద్ది, రెండు కొసలకూ కర్రలు తొడిగి, "డాడ్, హోల్డ్ దట్ ఎండ్" అంది. పట్టుకున్నాను.

రెండు వేల పది ప్రాంతంలో, లండన్ వెంబ్లీలో ఒకే గదిలో నలుగురం సర్దుకుని మాస్టర్స్ చదివిన మీబోటివాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. నా క్లాసులో ఒక నల్లజాతి అమ్మాయి ఉండేది; లండన్‌లోనే పుట్టి పెరిగిన మనిషిని పట్టుకుని మీది ఏ దేశమని అడిగేవాణ్ణి, ఆమె ఓపిగ్గా వాళ్ళింటికి వెళ్ళే బస్సు నంబరు చెప్పేది. ఆ వయసుకే తమవాళ్ళ హక్కుల కోసం సభలు పెట్టేది, కరపత్రాలు పంచేది. ఒకసారి స్టేషన్ బయట పోలీసులు నన్ను ఆపి సంచీ వెతుకుతుంటే (దొరికింది గోంగూర పచ్చడి సీసా, దాన్ని వివరించడం నా చదువుకు మించిన పని) మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు చూసి నడక వేగం పెంచారు. ఆమె మాత్రం ఆగి, కానిస్టేబుల్ భుజం మీది నంబరు రాసుకుని, నన్ను వదిలేదాకా పక్కనే నిలబడింది.

ఆ వేసవిలో వాళ్ళ వీధి కుర్రాడొకడు పోలీసు కస్టడీలో చనిపోయాడు. అతని తల్లితో కలిసి ఆదివారం ఊరేగింపు తీస్తున్నామని, బ్యానర్‌కు ఒక కర్ర తాను పట్టుకుంటానని, రెండోది నన్ను పట్టుకోమని అడిగింది. తప్పకుండా వస్తానన్నాను. రానని చెప్పడానికి మన వైపు ఉన్న మర్యాదైన పద్ధతి అది. పాపం, ఆమెకు మన మర్యాదలు తెలియవు, నమ్మింది.

స్టాన్‌మోర్‌లో ఉండే అంకుల్, మా నాన్న స్నేహితుడు, విషయం విని, "వీసా మీదున్నోడివి, వాళ్ళ గొడవ మనకెందుకురా? ఆదివారం మా ఇంట్లో వ్రతం, వచ్చి భోంచెయ్" అన్నారు. నాకు కావలసిన సాకు పులిహోరతో సహా దొరికింది.

తిరిగి వస్తుంటే, ప్రసాదం పొట్లం ఒళ్ళో పెట్టుకుని నేను పై అంతస్తులో కూర్చున్న బస్సు సరిగ్గా ఆ ఊరేగింపు పక్కనే ఆగింది. ఒక కర్ర ఆమె చేతిలో ఉంది, రెండోది చనిపోయిన కుర్రాడి తల్లి చేతిలో. చేతులు ఖాళీ లేక కొడుకు ఫొటోను ఆవిడ తాడు కట్టి మెడలో వేసుకుంది. ఆ అమ్మాయి తలెత్తి బస్సు వైపు చూసింది. నేను వంగి బూటు లేసు కట్టుకున్నాను. ఆ రోజు నా కాళ్ళకున్నవి చెప్పులు.

సోమవారం క్లాసులో ఆమె అడిగింది ఒక్కటే, ఒంట్లో బాగాలేదా అని. బాగాలేదన్నాను.

ఆ వీసాలు పోయి మనకు పాస్‌పోర్టులొచ్చాయి, ఇళ్ళొచ్చాయి, నోరు తెరవడానికి కావలసినవన్నీ వచ్చాయి. మా అమ్మాయి అయితే ఎవరినీ అడక్కుండానే వీధిలోకి వెళుతుంది. 'వాళ్ళ గొడవ' అంటే ఏమిటో దానికి తెలియదు, నేనూ చెప్పలేదు. రెండో కొస పట్టుకుని గుమ్మం దాకా నడిచాను. కర్ర పెద్ద బరువేమీ లేదు.