పెళ్లిపంచెలో దేవదూత

ఆ రోజుల్లో మా బళ్లారి వైపు బండ్రి రోడ్డు మీద కోపానికి కొరత ఉండేది కాదు. నీళ్లకు కొరత, కరెంటుకు కొరత, కాలు పెట్టడానికి చోటుకు కొరత. కోపం మాత్రం ఎవరికి కావలసినంత వాళ్లకు దొరికేది. కొండ మీద గనులు జోరుగా నడుస్తున్న కాలం. పొద్దు పొడవగానే లారీలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఇనపరాయి పొడిని కిందికి దించేవి. ఆ ఎర్రదుమ్ము పడని వస్తువు మా ఊళ్లో లేదు. తెల్ల ఎద్దులు ఎర్ర ఎద్దులయ్యాయి, జొన్నచేలు తుప్పు పట్టినట్టు నిలబడ్డాయి, మా మేనత్త తల నెరిసిన సంగతి రెండేళ్లదాకా ఎవరికీ తెలియలేదు. (అందుకు ఆమె గనులవాళ్లకు లోపల్లోపల దండం పెట్టుకునేది. ఊరు మొత్తం మీద కోపం రానిది ఆమె ఒక్కతికే.) అంగట్లో తిట్లు, బస్సులో తిట్లు, పాలు పోసే చోట తిట్లు. పిల్లలు అమ్మా అనేదానికి ముందు లారీవాణ్ణి తిట్టడం నేర్చేవాళ్లు.

మిగతావాళ్లకు కోపం రావడం న్యాయం. నాకు రావడమే విడ్డూరం, ఎందుకంటే ఆ లారీల్లో ఒకటి నాది. ఎనిమిదో తరగతిలో లెక్కల అయ్యవారూ నేనూ ఒకరి మొహం ఒకరు చూడలేక విడిపోయాక (ఆయన బడిలో ఉండిపోయాడు, నేను బయటికొచ్చాను) కొన్నేళ్లు సేద్యం చేసి, తర్వాత లారీ కొన్నాను. అప్పటి నా తెలివి ఎట్లాంటిదంటే, ఎదుటివాడి లారీ లేపేది దుమ్ము, నా లారీ లేపేది సంసారం. రోజుకు పదిమందిని దుమ్ము విషయంలో తిట్టి, అదే రోడ్డు మీద నా లారీ ఎదురొస్తే చెయ్యెత్తి పలకరించేవాణ్ణి. నవ్వుకోండి, పరవాలేదు, నేనూ ఇప్పుడు నవ్వుకుంటూనే రాస్తున్నాను. అప్పుడు మాత్రం పళ్లు కొరుక్కుంటూ బతికాను.

మాకు ఇద్దరు పిల్లలు. ఆరేళ్ల ఆడపిల్లను బంగారి అని పిలిచేవాళ్లం. నాలుగేళ్లవాడు బుడ్డోడు. ఇద్దరూ టౌన్లో సిస్టరమ్మల ఇంగ్లీషు బడికి పోయేవాళ్లు. డిసెంబరు వచ్చేసరికి మా ఇంట్లో క్రిస్మస్ మొదలయ్యేది. మేం ఆ మతంవాళ్లం కాము, కానీ పిల్లలు బడినుంచి తెచ్చిన పండుగను గుమ్మం బయట నిలబెట్టలేము కదా. వాళ్ల పోరు పడలేక కాగితం నక్షత్రం కొని వసారాలో కట్టాం. మా ఇంటామె తులసికోటకు కుంకుమ పెట్టిన చేత్తోనే దానికీ ఒక బొట్టు పెట్టింది. ఇంటికి వచ్చినవాళ్లకు బొట్టు పెట్టకుండా పంపడం ఆమెకు తెలియదు.

ఆ ఏడాది బడి క్రిస్మస్ నాటకంలో బంగారిని దేవదూతగా ఎంచారు. స్టూలు ఎక్కి, రెక్కలు విప్పి, భయపడొద్దు, బాబు పుట్టాడు అని గొర్రెల కాపరులకు ఇంగ్లీషులో చెప్పాలి. అంతే. ఆ రెండు ముక్కలూ ఇరవై రోజులు మా ఇంట్లో మోగాయి. అది అన్నం తింటూ చెప్పేది, నిద్రలో చెప్పేది, మా బర్రెకు చెప్పేది. బుడ్డోడు గొర్రెపిల్ల. వాడికి పాత కంబళి కప్పితే సరిపోయింది, మా వైపు గొర్రెలు నల్లనివే కాబట్టి ఎవరూ తప్పు పట్టరు. దేవదూతకే వచ్చింది చిక్కు. తెల్ల గౌను కావాలి, మల్లెపువ్వులాగా ఉండాలని సిస్టరు గట్టిగా చెప్పి పంపింది.

ఒక సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి మా ఇంటామె కుట్టుమిషను మీద నా పెళ్లిపంచె పరచి కత్తెర ఆడిస్తోంది. నాకు నెత్తికెక్కింది. అడగాలా వద్దా, ఎవరి పెళ్లిపంచె అనుకున్నావు అని అరిచాను. ఆమె తల ఎత్తలేదు.

“ఈ ఊర్లో తెల్లగా మిగిలింది ఇదొకటే. అదీ బీరువాలో ఉండింది కాబట్టి మిగిలింది. రోడ్డు మీద తిరిగింటే నీ మాదిరే ఎర్రగయ్యుండేది.”

జవాబు లేని కోపం మనిషిని ఎంత మంట పెడుతుందో లారీ ఉన్నవాణ్ణి అడగండి, పెళ్లయినవాణ్ణి అడగండి. నేను రెండూ.

నాటకానికి ముందు రోజు బడినుంచి నా పేరిట చీటీ వచ్చింది. బడి వదిలినవాడికి బడినుంచి చీటీ! చీటీ ఇంగ్లీషులో ఉంది, సిస్టరు చెప్పి పంపిన అర్థం బంగారి చెప్పింది. పశువుల పాక సెట్టింగు మీద పరిచిన పత్తి దుమ్ముపడి ఎర్రబడుతోందట, లారీ ఉన్న తండ్రి ఎవరైనా పైన కట్టడానికి ఒక టార్పాలిన్ పట్ట ఇవ్వగలరా అని. ఆ పత్తి మంచు అట. మా బళ్లారి ఎండల్లో పుట్టిన పిల్లలకు మంచంటే పత్తి అని నేర్పి, ఆ మంచు ఎర్రబడకుండా కాపాడాలని నన్ను అడుగుతున్నారు. నా ఛాతీ ఒక అంగుళం పెరిగింది. అప్పటికప్పుడు నా లారీ మీద లోడుకు కప్పే పట్ట విప్పించి, బడికి పోయి నా చేతులతో నేనే కట్టి వచ్చాను. మాకు ఉన్న పట్ట అదొక్కటే. లారీ నడిపేది మా ఇంటామె తమ్ముడు, అంటే నా బామ్మర్ది. పట్ట లేకుండా లోడు ఎట్లా తెచ్చేదని వాడు గొణిగితే, “ఒక్క దినం పట్ట లేకుంటే కొంపేం మునగదులే, ట్రిప్పు ఆపొద్దు” అన్నాను. ఈ మాట గుర్తు పెట్టుకోండి. వాడు గుర్తు పెట్టుకున్నాడు.

నాటకం రోజు పొద్దున్నే మా ఇంటామె బుడ్డోణ్ణి కంబళితో సహా బస్సు ఎక్కించుకుని ముందు పోయింది. బస్సులో తోపులాటకు గౌను నలిగిపోతుంది కాబట్టి దేవదూతను నా మోటారుసైకిలు బండి మీద తెచ్చే పని నాకు పడింది. పోతూ పోతూ బంగారికి మెడనుంచి కాళ్లదాకా దుప్పటి చుట్టి, పిన్నులు పెట్టి, రెక్కలను ఎరువుల సంచిలో కట్టి, నా మొహం ముందు వేలు పెట్టి చెప్పింది.

“బడి లోపలికి పోయేదాకా ఈ దుప్పటి తీయద్దు. తీసినావంటే నేను ఈడ ఉండేదిల్లే, మా అమ్మోళ్ల ఇంటికి పోతా.”

సగం దూరం బాగానే పోయాం. మలుపు దగ్గర టీ అంగడి ఉంది. అక్కడ నా సాటి లారీవాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. ఏమప్పా, పాపకు జ్వరమా, అట్ల చుట్టినావు అని ఒకడు అడిగాడు. జ్వరమా? నా కూతురు దేవదూత అయితే వీడికి జ్వరంగా కనపడుతోందా? బండి ఆపి, పిన్నులు ఒక్కొక్కటే తీసి, దుప్పటి విప్పి, బంగారిని టీ అంగడి బల్ల మీద నిలబెట్టాను. అబ్బ, నా పెళ్లినాడు కూడా ఆ పంచె అంత బాగా కనపడలేదు. అందరూ చూస్తూ ఉండిపోయారు. టీ అంగడి ముసలాయన గ్లాసు కిందపెట్టి చేతులు తుడుచుకున్నాడు. బంగారి ఊరుకోకుండా రెండు ముక్కలూ ఇంగ్లీషులో చెప్పేసింది.

సరిగ్గా అప్పుడు మలుపు తిరిగి ఒక లారీ వచ్చింది. నిండా లోడు, పైన పట్ట లేదు. గుంతలో చక్రం పడి ఎగిరింది, ఆ ఎగరడంతో పైనున్న పొడి దుప్పటిలాగా లేచి మా మీద వాలింది. కళ్లు తెరిచేసరికి లారీ పోయింది, తెల్ల గౌనూ పోయింది. బల్ల మీద ఇటుక రంగులో ఒక పిల్ల కళ్లు టపటపలాడిస్తూ నిలబడి ఉంది.

ఇక్కడ నేను చేసిన పని మా తాలూకాలో పసిపిల్ల కూడా చేయదు. ఎర్రదుమ్ము పడితే దులపాలి, తడి చెయ్యి పెట్టకూడదు. తడి తగిలితే అది దుమ్ము కాదు, రంగు. ఇది అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ కోపానికి తెలియదు. టీ అంగడి చెంబులో నీళ్లు చేతిలోకి తీసుకుని గౌను ముందుభాగం రుద్దాను. అద్దకం వేసినట్టు పట్టుకుంది. టీ అంగడి ముసలాయన “తడి వద్దప్పా, తడి వద్దు” అంటున్నాడు, నేను రుద్దుతున్నాను. ఆయన చెప్పడం ఆపేదాకా రుద్దాను.

ఆ పైన నా ఒంట్లో నేను లేను. బంగారిని ముందు కూర్చోబెట్టుకుని ఆ లారీ వెంట పడ్డాను. దారి పొడుగునా ఆ డ్రైవరునూ, వాడి ఓనరునూ, పట్ట కూడా కొనలేని ఓనరు దరిద్రాన్నీ, అట్లాంటివాణ్ణి కన్నందుకు వాడి తండ్రినీ తిట్టాను. (మా నాయన అప్పుడు ఊళ్లో పొలంలో ఉన్నాడు. ఆయనకు పొలమారి ఉంటుంది పాపం.) చెక్‌పోస్టు దగ్గర లారీల వరసలో అది చిక్కింది. బండి దిగి వెనక తలుపు మీద దబదబ కొట్టాను. నంబరు కనపడలేదు, రంగు కనపడలేదు, ఆ రోజుల్లో అన్ని లారీలకూ ఒకటే రంగు. ఓనరెవడో రమ్మను, పసిపిల్ల బట్టలు పాడు చేస్తారా, సిగ్గుండాలి అని చెక్‌పోస్టు అంతా వినేట్టు కేకలేశాను. జనం చేరారు. అందరికీ ఏదో ఒక లారీ మీద కోపం ఉంది కాబట్టి అందరూ నా పక్షమే. ఓనరును పట్టుకుని తన్నాలని ఒకాయన అంటే, తన్నాల్సిందే అని నేనూ గట్టిగా ఒప్పుకున్నాను.

అంతలో బంగారి వచ్చి వెనక తలుపు మీద అరచేత్తో తుడిచింది. దుమ్ము కింద ఎర్రగులాబీ బొమ్మ కనపడింది. ఇంకొంచెం తుడిచింది. గులాబీ పక్కన తన పేరు కనపడింది. పోయిన ఏడాది ఆయుధపూజకు నేనే పెయింటరును పిలిపించి రాయించిన పేరు.

“నాన్నా, ఇది మన లారీనే.”

ముందు తలుపు తెరుచుకుని బామ్మర్ది దిగాడు. మేనకోడలిని చూశాడు, నన్ను చూశాడు, చుట్టూ చేరిన జనాన్ని చూశాడు. గొంతు పెంచకుండా, దండం పెట్టినంత వినయంగా అన్నాడు.

“ఒక్క దినం పట్ట లేకుంటే కొంపేం మునగదు, ట్రిప్పు ఆపొద్దంటివి గదా బావా.”

ఓనరును తన్నాలన్న ఆయన నా వైపు తిరిగాడు. నేను బంగారిని బండి మీద వేసుకుని ఎంత జోరుగా కదిలానంటే, ఎరువుల సంచి, అందులో రెక్కలు అక్కడే ఉండిపోయాయి.

బడికి చేరేసరికి ఆలస్యమైంది. స్టూలు మీద అప్పటికే ఇంకో పిల్లను నిలబెట్టారు. గని మేనేజరు కూతురు. అద్దాలెత్తిన కారులో వచ్చింది కాబట్టి పాలనురుగులాగా ఉంది. మేనేజరు తెల్లచొక్కాతో ముందు వరసలో కూర్చుని ఉన్నాడు. ఆ చొక్కా చూడగానే నాకు మళ్లీ మండింది. కొండ తవ్వేది వీళ్లు, ఎర్రబడేది మేము, చివరికి దేవదూతలూ వీళ్ల ఇంట్లోవాళ్లేనా అని అడగడానికి నోరు తెరిచాను. ఈలోగా సిస్టరు బంగారిని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎవరు చేశారు ఇది అని కన్నడంలో అడిగింది. నేను ఏ అబద్ధం ఆడదామా అని వెతుక్కుంటుండగా బంగారే చెప్పేసింది.

“మా లారీనే సిస్టర్. పట్ట మీకిచ్చినాడు గదా మా నాన్న, అందుకు.”

సిస్టరు తలెత్తి పైకి చూసింది. నా పట్ట గట్టిగా, చక్కగా కట్టి ఉంది. దాని కింద పత్తి మంచు ఒక్క మరక లేకుండా తెల్లగా మెరుస్తోంది. స్టూలు మీది పిల్లకు దేవదూత మాటలు రావు, ఎత్తు చూసి భయపడి దిగుతానని ఏడుస్తోంది. సిస్టరు ఆ పిల్లను దించి, జరీకాగితం కిరీటం తీసి బంగారి తల మీద పెట్టింది.

తెర తీయగానే నవ్వులు. గనిలోనుంచి దిగిందిరా దేవదూత అని వెనకనుంచి ఎవడో అన్నాడు. నేను లేవబోతే చొక్కా ఎవరో పట్టి లాగారు. పక్కన మా ఇంటామె. ఎప్పుడొచ్చి కూర్చుందో తెలియదు. గౌనును చూస్తోంది, నన్ను చూడటం లేదు. మా అమ్మోళ్ల ఇంటికి పోతానని కూడా అనలేదు. అది చూసి నా కోపమంతా దిగిపోయి, దాని చోట్లో ఇంకేదో ఎక్కింది.

రెక్కలు లేని నా కూతురు ఎర్ర చేతులు రెండూ చాచింది. భయపడొద్దు అన్న ముక్క గొర్రెల కాపరుల వైపు తిరిగి చెప్పాలి. ఇరవై రోజులు అట్లాగే నేర్చుకుంది. కానీ అది జనంలో నన్ను వెతికి, నా వైపు తిరిగి చెప్పింది. ఆ సభలో నిజంగా భయపడుతున్నది నేనొక్కణ్ణే అని దానికెట్లా తెలిసిందో. నల్ల గొర్రెపిల్ల మాత్రం నాటకం మధ్యలో లేచి, “మా అక్కని మా లారీ ముంచింది” అని అందరికీ చెప్పింది.

మా ఇంటామె పుట్టింటికి పోలేదు. ఆ గౌనును ఏడుసార్లు ఉతికి, ఎనిమిదోసారి మడిచి బీరువాలో పెట్టింది. తర్వాత కొన్నేళ్లకు గనులు చాలావరకు మూతపడ్డాయి, ఇప్పుడు లారీ లేదు, ఎద్దులు మళ్లీ తెల్లబడ్డాయి. మేనత్త ముసలిదని ఊరికి తెలిసిపోయింది. బంగారి ఇప్పుడు టౌన్లో ఉద్యోగం చేస్తోంది. డిసెంబరు సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ గౌను బయటికి తీసి వెలుతురుకు పట్టి చూస్తుంది. ఎరుపు ఒక్క చుక్క తగ్గలేదు. నా వైపు చూసి నవ్వుతుంది, వాళ్లమ్మ మాత్రం ఇప్పటికీ నవ్వదు.

ఆ రోడ్డు మీద ఇప్పుడు దుమ్ము లేదు, తిట్టడానికి మనుషులూ అంతగా లేరు. అప్పుడప్పుడూ చెక్‌పోస్టు ఉన్న చోట బండి ఆపి నిలబడతాను. సొంత లారీని గుద్దుతూ, ఓనరును రమ్మని అరిచిన ఆ కుర్రవాడు ఎదురైతే నాలుగు కడిగేయాలని ఉంటుంది. కానీ ఊరుకుంటాను. ఎంత తిట్టినా, వాడు నాకంటే గట్టిగా ఒప్పుకుంటాడు, తన్నాల్సిందే అని.