పదహారు తులాల వెండి

పాకిస్తాన్‌తో లడాయి జరుగుతున్న రోజులవి. డిప్లొమా పూర్తిచేసి జమ్మికుంటలో ఓవర్సీయరుగా చేరి అప్పటికి నాలుగు నెలలు. నేను అద్దెకున్న గది పక్కనే తల్లీపిల్లల దవాఖాన. అక్కడి నర్సమ్మ మిషన్ క్రైస్తవుల ఇంటి మనిషి, మా అమ్మ వయసుంటుంది. యుద్ధకాలపు శిక్షణకని ఆమెను వారం రోజులు కరీంనగర్ పిలిచారు. ఆయాకు చదువు రాదు. అందుకని మంగళవారం పిల్లల బరువులు రిజిస్టరులో రాసి, పాలపొడి ఇవ్వమని నాకు అప్పగించి వెళ్లింది.

రైలు పట్టాల మీద మిలిటరీ బండ్లకే ముందు దారి. పాలపొడి పెట్టెలు సరిగా రావడం లేదు. ఆరు నెలల బిడ్డ ఐదు కిలోల లోపు తూగితేనే డబ్బా అని నియమం పెట్టారు. నేను సోమవారమే వెళ్లి అన్నీ సరిచూసుకున్నాను: డబ్బాలు తొమ్మిది, పెన్సిళ్లు రెండు, వేలాడే కాంట ఒకటి. కాంటలో తప్పు కనిపించింది. ఖాళీగా ఉన్నప్పుడు సున్నా దగ్గర నిలవాల్సిన ముల్లు నూటయాభై గ్రాములు వెనకే ఉంది. మర తిప్పి సరిచేశాను.

మర్నాడు నేతవాళ్ల వీధి నుంచి ఒకామె ఆరు నెలల కొడుకుతో వచ్చింది. అంతకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదట. పాలు చాలక నెలరోజులుగా డబ్బా తీసుకుంటోందని రిజిస్టరులో ఉంది. ఆయా బిడ్డను కాంటలో పెట్టింది. ఐదు కిలోల నూటఇరవై గ్రాములు. కాళ్లకు వెండి కడియాలు, నడుముకు వెండి మొలతాడు. తీసి తూచుదామన్నాను.

"మా తమ్ముడు పెట్టినయి సారూ. వాడు లడాయికి పోయిండు. వాడు ఇంటికొచ్చేదాక తియ్య."

నియమం చెప్పాను. ఆమె వాదించలేదు. బిడ్డ కాళ్ల మీదికి కొంగు లాక్కుని వెళ్లిపోయింది. 'వెండి తీయుటకు ఒప్పుకోలేదు' అని రాశాను.

నర్సమ్మ గురువారం తిరిగొచ్చింది. కాంట బాగుచేసిన సంగతి కాస్త గర్వంగానే చెప్పాను. ఆమె చెప్పులు కూడా విడవకుండా బల్ల మీద కూలబడింది. ఆ ముల్లు వెనక్కి తిప్పింది తనేనట. మేనమామ పెట్టిన వెండిని ఏ తల్లీ తీయదు కాబట్టి, ఆ బరువు పోయేలా అందాజుగా తిప్పి పెట్టిందట.

వెండి లేని బిడ్డ వస్తే తప్పు తూకమే కదా అన్నాను.

"వెండి లేనోనికి పాలు ఇంకింత అవసరం గద, బిడ్డా."

రిజిస్టరు తెరిచి, నేతవాళ్ల వీధి ఆమె గురించి నేను రాసింది చూపించాను. నర్సమ్మ అది చదివి అంది: "ఇగ నువ్వు సరిజేసినవు, సరిగనే నడిపిద్దాం. ఎన్ని తులాలో ఆమెను అడిగినవా?"

అడగలేదు. డబ్బా సంచిలో వేసుకుని సైకిలెక్కాను.

నేతవాళ్ల వీధిలో ఆ తల్లి గడపలో కూర్చుని నూలు కండెలు చుడుతోంది. బిడ్డ పక్కనే చాప మీద నిద్రపోతున్నాడు. వెండి తూకం అడిగితే, రాట్నం ఆపకుండానే చెప్పింది.

"కాళ్లయి పది, మొలతాడు ఆరు."

తులమంటే పదకొండు గ్రాములకు పైన, పన్నెండుకు లోపు. పదహారు తులాలు నూటఎనభై ఏడు గ్రాములు. తీసేస్తే బిడ్డ నాలుగు కిలోల తొమ్మిదివందల ముప్పైమూడు. రెండుసార్లు లెక్క చూసుకుని, ఐదుకు లోపే ఉన్నాడని, పొరపాటు నాదేనని చెప్పాను.

రాట్నం ఆగింది.

"తక్కువనే ఉన్నడా?" అంది. బిడ్డ బరువు తక్కువని తెలిసి ఒక తల్లి ముఖం తేటపడటం నేను చూడటం అదే మొదలు. డబ్బా అందుకుని, రెండు రోజులుగా గంజినీళ్లే పట్టానని మెల్లగా చెప్పింది.

ఆ సాయంత్రమే రిజిస్టరులో కొత్త గడి గీశాను: వెండి, తులాల్లో. నర్సమ్మ చూసి నవ్వింది కానీ, ఆ తర్వాత ఒక్కసారి కూడా ఆ గడి ఖాళీగా వదల్లేదు.

చలికాలం ముదిరాక ఒక మంగళవారం నేను దవాఖానలోనే ఉన్నాను. నేతవాళ్ల వీధి ఆమె బిడ్డతో వచ్చి, ఎవరూ అడగకముందే కడియాలు, మొలతాడు విప్పి నా చేతిలో పెట్టింది.

"మా తమ్ముడొచ్చిండు సారూ. ఇగ తూచుర్రి."

బిడ్డ ఒంటి వెచ్చదనం ఇంకా ఆ వెండికి ఉంది. ఆరు కిలోల యాభై గ్రాములు, పెరిగిన వయసుకు పెట్టిన హద్దు కూడా దాటాడు. వెండి గడిలో సున్నా రాశాను. ఆ రోజు డబ్బా ఇవ్వలేదు. ఆమె అడగనూ లేదు.